తీగ ఎందుకు కరిచింది?

కార్తీక శుద్ధ చవితి, గురువారం. నల్లగుట్ట అడవిలో సూర్యుడు పెద్ద మద్దిచెట్టు రెండో కొమ్మ దాకా వచ్చాడు. మన లెక్కలో ఉదయం ఎనిమిది గంటలు. సరిగ్గా ఆ వేళకి ఎలుగుబంట్ల గుహలోంచి "అబ్బా! చచ్చాన్రా దేవుడా!" అని ఒక కేక వినిపించింది.

నల్లగుట్ట అడవిలో ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, నెమళ్ళు, కొండముచ్చులు, కుందేళ్ళు ఉండేవి. ఆ కేక అన్నిటికీ వినిపించింది. అది ముసలి ఎలుగు భీమన్న కేక. వాళ్ళింటి పెంపుడు పాముపిల్ల తీగ అతని బొటనవేలు కరిచింది. ఇది మూడోసారి.

ఎలుగుల ఇంట్లో పాముపిల్ల ఏమిటి అంటారా? చెబుతాను.

ఆ ఇంట్లో భీమన్న, అతని కొడుకు, కోడలు కొండమ్మ, మనవరాలు తేనెమ్మ ఉండేవారు. కొడుకు తేనెపట్ల కోసం అవతలి కొండకి వెళ్ళి నెల దాటింది. వేసవిలో ఏరిన ఇప్పపూలను ఎండబెట్టి బుట్టల్లో దాచుకోవడం ఆ ఇంటి అలవాటు. చలికాలమంతా ఆ పూలే ఆధారం. కానీ ఎలుకలు బుట్టలకి కన్నాలు పెట్టేవి. అప్పటికే రెండు బుట్టలు ఖాళీ అయ్యాయి. ఇంకా రెండే మిగిలాయి.

శ్రావణమాసం వానల్లో గుహ పక్కన ఒక రాయి దొర్లింది. దాని కింద చిటికెనవేలంత సన్నటి జెర్రిపోతు పిల్ల కొండమ్మకి కనిపించింది. జెర్రిపోతుకి విషం ఉండదు. ఎలుకలంటే దానికి మహా ఇష్టం. "ఇది పెరిగితే ఎలుకలు మన గడప తొక్కవు" అని కొండమ్మ దాన్ని ఇంటికి తెచ్చింది. తీగ అని పేరు పెట్టింది. ఆ పసిదానికి ఇంకా మాటలు రాలేదు.

వానలున్నన్నాళ్ళూ గుహ ముందు గెంతే చిట్టి కప్పల్ని తీగే పట్టుకుని తినేది. వానలు ఆగిపోయాయి. "బయట తిరిగితే ఏ గద్దో తన్నుకుపోతుంది" అని భీమన్న దాన్ని ఒక మూతబుట్టలో పెట్టాడు. "ఇకనుంచి దీనికి నా చేత్తోనే తిండి" అన్నాడు.

భీమన్నకి తన చెయ్యంటే గర్వం. తల్లిలేని కుందేలు పిల్లలకి ఆ చెయ్యే ముద్దలు పెట్టింది. కాలు విరిగిన కొండముచ్చుకి ఆ చెయ్యే పళ్ళు తినిపించింది. "ఈ అడవిలో నా చేతి ముద్ద కాదన్న ప్రాణి ఇంకా పుట్టలేదు" అనేవాడు.

తీగ మాత్రం తినలేదు. ఇప్పపూలు పెడితే చూడలేదు. తేనె పెడితే తల తిప్పుకుంది. కేక వినిపించిన ఆ రోజు నాగుల చవితి. భీమన్న పుట్టకి పోసి రాగా మిగిలిన పాలు ఆకుదొన్నెలో తెచ్చాడు. తీగ వాటినీ ముట్టలేదు. అది తిండి తిని అప్పటికి పన్నెండు రోజులు.

చివరికి భీమన్న ఒక బలిసిన ఎలుకని పట్టి చంపాడు. రెండు వేళ్ళతో దాన్ని తీగ ముక్కు దగ్గర ఆడించాడు.

"ఆ... అను, నా బంగారం! ఆ..."

తీగ నోరు తెరిచింది. భీమన్న మురిసిపోయాడు. ఆ నోట్లోకి వెళ్ళింది మాత్రం ఎలుక కాదు, బొటనవేలు.

కేక విని నెమలి రాయుడు పింఛం ఈడ్చుకుంటూ వచ్చాడు. పాముల సంగతి నెమళ్ళే చూడాలని ఆ అడవిలో కట్టుబాటు ఉంది. రాయుడు వాచిన వేలు చూశాడు. బుట్టలో ఉన్న తీగనీ చూశాడు. ఒక గుటక వేశాడు.

"ఇవాళ తాత వేలు. రేపు మనవరాలి ముక్కు. పాముజాతే అంత కదండీ! పాలు పోసిన చేతినే కాటేసింది" అన్నాడు.

"తీసుకుపోవయ్యా! పన్నెండు రోజులు బతిమాలాను. ఎంత పొగరు దీనికి!" అన్నాడు భీమన్న వేలు ఊదుకుంటూ.

కొండమ్మ మెత్తగా మాట్లాడే మనిషి. అంటే, మెత్తగా మాట్లాడే ఎలుగు. ఆమె వచ్చి బుట్టకి అడ్డంగా కూర్చుంది.

"మామయ్యగారూ, పంపెయ్యడం ఒక్క క్షణం పని. ఎందుకు కరిచిందో తెలియకుండా నేను పంపను."

"ఎందుకేమిటమ్మా? పాము కాబట్టి!" అని రాయుడు నవ్వాడు.

"శ్రావణం నుంచి ఆశ్వయుజం దాకా కూడా అది పామే. అప్పుడు కరవలేదే?"

రాయుడు తల ఎగరేసి, "సరే, రేపు పొద్దు పొడిచేసరికి వస్తాను. ఈలోగా అది మళ్ళీ కరిచినా, తిండి తినకపోయినా, నాకు అప్పగించాలి. ఒప్పుకుంటారా?" అన్నాడు.

"ఒప్పుకున్నాం" అన్నాడు భీమన్న, కోడలు నోరు విప్పేలోగా.

కొండమ్మ పుట్ట ఉన్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టింది. "తల్లీ, నీ బిడ్డకి ఏం కావాలో నాకు తోచేలా చెయ్యి" అనుకుంది. ఆ వెంటనే లేచి, ఎండలో నాలుగు గుట్టలు దాటి ముళ్ళపంది రత్తాలు ఇంటికి వెళ్ళింది.

రత్తాలు ఏడుగురు పిల్లల్ని కని పెంచింది. ఏడుగురికీ ఒళ్ళంతా ముళ్ళే. ఆమె ఏదో దుంప నములుతూ కథంతా విన్నది.

"ఏం అమ్మడూ, నన్ను చూస్తే నీకు భయం వెయ్యదా?" అని అడిగింది.

"నువ్వు ముళ్ళు లేపితే వేస్తుంది పిన్నీ."

"నేను కోపంతో లేపుతాననుకుంటారు అందరూ. కోపం కాదే, భయం. తీగకి ముళ్ళు కూడా లేవు. కాళ్ళు లేవు, చేతులు లేవు, వద్దు అనడానికి మాటలు లేవు. ఉన్నదల్లా నోరొక్కటే. దానికి చెప్పాల్సిందంతా ఆ నోటితోనే చెప్పాలి. మొదటిసారి ఏం చెప్పిందో చూద్దాం. అప్పుడు ఎవరు ముట్టుకున్నారు?"

"మామయ్యగారే. ముద్దొచ్చి నెత్తి మీద నిమరబోయారు."

"పైనుంచా?"

"పైనుంచే."

"గద్ద ఎక్కడి నుంచి వస్తుందే?"

కొండమ్మ నోరు తెరిచి ఆకాశం కేసి చూసింది. ఆమెకి మొదటి కాటు అర్థమైంది.

"రెండోసారి?"

"దాని కళ్ళు పాలు పోసినట్టు మసకబారాయి. జబ్బు చేసిందని మామయ్యగారు కళ్ళకి తేనె రాయబోయారు."

రత్తాలు దుంప పక్కన పెట్టి పడీపడీ నవ్వింది. "కళ్ళకి తేనా! అయ్యో భీమన్నా! జబ్బు కాదే తల్లీ, కుబుసం విడిచే ముందు పాముకి చూపు ఆనదు. అప్పుడు ఆకలీ ఉండదు. ఎవరో కనపడకుండా మీద చెయ్యి వేస్తే నువ్వు మాత్రం ఊరుకుంటావా? కుబుసం విడిచిందా మరి?"

"నిన్న సాయంత్రం విడిచింది."

"అంటే ఇప్పుడు దానికి ఆకలి మండిపోతూ ఉంటుంది. అలాంటప్పుడు ఎలుక వాసన కొట్టే వెచ్చటి వేలు ముక్కు ముందు ఆడిస్తే ఏం చేస్తుంది? అది మీ మామగారిని కరవలేదే. అన్నం అనుకుంది."

కొండమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి పాలు ఎందుకు తాగలేదు పిన్నీ? పండుగ పూట కదా."

"పుట్టకి పోసే పాలు మన భక్తి. అవి అమ్మవారికి చేరతాయి. పాముపిల్ల కడుపుకి మాత్రం దాని తిండే కావాలి. దాని ఒంటి లావుని మించని చిట్టెలుకని పెట్టు. చేత్తో పెట్టకు. ఎదురుగా, దూరం నుంచి పెట్టు. పెట్టాక కదలకు. తిన్నాక రెండు రోజులు ఎవరూ ముట్టుకోవద్దు. వారం తర్వాత మళ్ళీ పెట్టు. తాగడానికి నీళ్ళు చాలు. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. ఓపిక ఉండాలి, అంతే."

కొండమ్మ తిరిగి వచ్చేసరికి ఎండ వాలింది. ఆమె ముందుగా బుట్ట మూత తీసి, తీగని బుట్టతో సహా గుహ మూల రాతిసందులో పెట్టింది. దాక్కోవాలంటే దాక్కోవచ్చు, రావాలంటే రావచ్చు. ఒక చిప్పలో నీళ్ళు పెట్టింది. వెదురుబద్దని సగానికి చీల్చి పట్టుకారులా చేసింది. ఇప్పపూల బుట్టలో దూరిన ఒక చిట్టెలుకని పట్టి చంపింది. తీగ ఒంటితో పోల్చి చూసింది. సరిపోయింది. తరువాత చేతులకి బూడిద రుద్ది కడుక్కుంది.

భీమన్న ఇదంతా చూస్తూ గొణిగాడు. "కర్రతో తిండి పెట్టడమా? మనింట్లో ఎన్నడైనా ఉందా ఈ ఆచారం? ఇటు తే అమ్మాయ్, నా చేత్తో ఇంకొక్కసారి..."

"వద్దు మామయ్యగారూ."

"నా చేతి ముద్ద కాదన్న ప్రాణి..."

"మామయ్యగారూ, మీ చెయ్యి మంచిదే. తీగకి ఆ సంగతి తెలియదు. ఈ ఒక్క పూట రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కూర్చోండి. రేపు పొద్దున్న రాయుడు వస్తాడు. మనకి ఉన్నది ఈ సాయంత్రం ఒక్కటే."

కోడలు అంత గట్టిగా మాట్లాడటం భీమన్న ఎప్పుడూ వినలేదు. గొంతు మెత్తగానే ఉంది. మాట మాత్రం రాయిలా ఉంది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు.

కొండమ్మ వెదురుబద్దతో ఎలుకని రాతిసందు ముందు టేకాకు మీద పెట్టింది. వెనక్కి జరిగింది.

తీగ తల బయటపెట్టింది. నాలుక ఆడించింది. అంతలో భీమన్నకి దగ్గు వచ్చింది. తీగ చటుక్కున లోపలికి పోయింది.

"తాతా!" అని తేనెమ్మ గుసగుసగా కసిరింది.

"కావాలని దగ్గానటే?"

"ష్!" అంది కొండమ్మ.

ముగ్గురూ బొమ్మల్లా కూర్చున్నారు. తేనెమ్మ ముక్కు మీద ఈగ వాలింది. ఆ పిల్ల దాన్ని తోలలేదు. బయట ఎండ ఎర్రబడింది. కొండమ్మ లోపల్లోపల జపం చేసుకుంటూ కూర్చుంది. కదలలేదు.

తీగ మళ్ళీ వచ్చింది. ఈసారి మెడ దాకా వచ్చింది. నాలుక ఆడించింది. ఆకు వాసన చూసింది. ఒక్కసారిగా ఎలుకని పట్టుకుంది. మెల్లగా, చాలా మెల్లగా మింగింది. దాని నడుము దగ్గర చిన్న బుడిపె కనిపించింది. తరువాత చిప్పలో నీళ్ళు తాగింది.

"తిన్నదే! తిన్నది నా తల్లి!" అని భీమన్న ఆనందం పట్టలేక చెయ్యి చాచాడు. పైనుంచి.

తీగ మెడ వంచి వెనక్కి ముడుచుకుంది.

"గద్ద!" అంది కొండమ్మ. ఆ ఒక్క మాటే అంది.

భీమన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన తన చేతిని చూసుకున్నాడు. నల్లగా, పెద్దగా, గోళ్ళతో ఉంది. కింద వేలంత పిల్ల వణుకుతోంది. ఇన్నాళ్ళూ దానికి ఏం కనిపించిందో ఆయనకి అప్పుడు తెలిసింది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీగ మెడ సడలించి రాతిసందులోకి జారిపోయింది.

"అమ్మాయ్, అది మూడుసార్లు చెప్పింది. నేనే వినలేదు" అన్నాడు భీమన్న.

కొండమ్మ, పాము వాసనకి ఎలుకలు రావని, తీగ విడిచిన కుబుసాన్ని తెచ్చి ఇప్పపూల బుట్టల చుట్టూ చుట్టింది.

మర్నాడు పొద్దు పొడుస్తుండగానే రాయుడు వచ్చాడు. ఒక్కడే రాలేదు. కుందేళ్ళనీ కొండముచ్చులనీ సాక్ష్యానికి వెంటబెట్టుకొచ్చాడు. మంచి ఫలహారం దొరుకుతుందన్న ఆశతో ఆ పొద్దున పురుగులు ఏరుకోవడం కూడా మానేశాడు.

"ఏదీ ఆ కాటుపిల్ల? తీసుకురండి బయటికి!" అని అరిచాడు.

గుహ వాకిట్లో భీమన్న నిలబడి ఉన్నాడు. బొటనవేలికి ఆకు కట్టు ఉంది.

"మెల్లగా మాట్లాడు రాయుడూ. మా పిల్ల తిని పడుకుంది."

"తిన్నదా? మరి కరవలేదా?"

"కరిచింది. తన తిండిని."

కొండముచ్చులు కిచకిచా నవ్వాయి. రాయుడు మెడ చాచి లోపలికి చూశాడు. రాతిసందులో తీగ చుట్ట చుట్టుకుని నిద్రపోతోంది. నడుము దగ్గర బుడిపె స్పష్టంగా ఉంది.

"రేపు మళ్ళీ కరుస్తుంది, చూడండి!" అన్నాడు రాయుడు.

"రెండు రోజులు మేమెవరమూ తాకం. ఆ తర్వాత కూడా దానికి కనిపించేలా, పక్కనుంచే వెళతాం. నీ మాట ప్రకారం చూసుకున్నా అది కరవలేదు, తిన్నది. ఇక వెళ్ళిరా నాయనా, ఎండెక్కుతోంది. ఫలహారం చేసినట్టు లేవు" అన్నాడు భీమన్న.

రాయుడి కడుపు గుర్రుమంది. ఈసారి కుందేళ్ళు కూడా నవ్వాయి. అప్పటికే పొద్దెక్కి పురుగులన్నీ మట్టిలోకి పోయాయి. రాయుడు ఖాళీ కడుపుతో, పింఛం ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

కొండమ్మ లోపలికి వెళ్ళి ఇప్పపూల బుట్టల్ని తడిమి చూసింది. కొత్త కన్నం ఒక్కటీ లేదు. ఆమె పుట్ట దిక్కుకి తిరిగి చేతులు జోడించింది. తేనెమ్మ అడిగీ అడగకుండానే ఇంట్లో ఉన్న పాలన్నీ ఆ పిల్ల గిన్నెలో పోసింది. పాలు కావలసింది ఆ పిల్లకి.

భీమన్న వాగులో దిగి, బూడిదతో మూడుసార్లు చేతులు తోముకుని వాసన చూసుకున్నాడు. తరువాత అందరికీ ఆకులు వేసి, ఎవరికి ఏది ఇష్టమో అడిగి అడిగి వడ్డించాడు. వడ్డించాక రెండు అడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి పెట్టుకుని, "తినండర్రా" అన్నాడు.

నీతి: కరిచిన ప్రాణిని తిట్టే ముందు అది ఏం చెప్పాలనుకుందో తెలుసుకోవాలి. మనకి నచ్చింది కాదు, దానికి కావలసింది, దానికి భయం లేని పద్ధతిలో పెట్టాలి.