పులికి ఒక గెంతు

ప్రశ్న అడిగితే చిదంబరయ్యగారు జవాబు చెప్పేవారు కారు. అరుగు మీద కాస్త పక్కకు జరిగి, ఎదురుగా చోటు చూపించేవారు. ఆ చోటు ఎందుకో తెలియాలంటే, అమ్మలారా, అయ్యలారా, మీరూ కొంచెం దగ్గరికి జరగండి. పరమేశ్వరుడి దయవల్ల కథ చిన్నదే.

ఆ సాయంత్రం ఆయన శిష్యుడు ఫణిభూషణ్ విశాఖపట్నం నుంచి మఠానికి వచ్చాడు. ఫోన్లలో ఆడే యుద్ధపు ఆటలు తయారుచేయడం అతని పని. ఎక్కడెక్కడివాళ్ళో ఒకే రంగంలో దిగి ఒకరినొకరు కాల్చుకుంటారు. శత్రువును చంపినవాడికి కొంత ప్రాణం తిరిగొచ్చేలా ఫణి నియమం పెట్టాడు. అక్కడే చిక్కుకున్నాడు పాపం. ఎక్కువ ఇస్తే చెయ్యి తిరిగినవాళ్ళకు చావన్నదే లేకపోయింది, కొత్తవాళ్ళు వచ్చినదారినే పోయారు. అసలు తీసేస్తే ఎవరికి వారు గోడల చాటున నక్కి కూర్చున్నారు. నడుమ ఎంత పెట్టి చూసినా జనం కరిగిపోతూనే ఉన్నారు. ఆఖరికి, అన్న చేసిన ఆట అని మొదటినుంచీ పట్టుదలగా ఆడిన చెల్లెలు హైమ కూడా మానేసింది. "నీ ఆటలో నేను మనిషిని కాదన్నయ్యా, వాళ్ళకి ప్రాణం పోసే మందుసీసాని," అంది. జనం పెరగకపోతే ఈ నెలాఖరుకు ఆట మూసేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. ఏళ్ళ తరబడి నిద్ర మానుకుని కట్టుకున్న ఆట అది.

"చంపినవాడికి ఎంత ప్రాణం ఇవ్వాలి గురువుగారూ?" అన్నాడు ఫణి. ఆ గొంతులో అడిగే ఓపిక కూడా లేదు.

గురువుగారు జరిగారు. అరుగు రాతి మీద ఎప్పటివాళ్ళో చెక్కిన పులిజూదం గీతలున్నాయి. గులకరాళ్ళు పులులు, చింతపిక్కలు మేకలు. మేక మీదుగా పులి దూకితే మేక పోయినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి కదలనివ్వకపోతే పులి కట్టుబడినట్టు. పులుల్ని తానుంచుకుని, మేకల్ని శిష్యుడి ముందుకు తోసి, ఆయన ఒక కొత్త నియమం చేర్చారు. మేకను తిన్న పులి, కట్టుబడిననాడు తనకు నచ్చిన చోటికి ఒక్క గెంతు గెంతవచ్చు. కష్టపడి తిన్నదానికి ఆమాత్రం ఉండాలి కదా అని నవ్వారు. న్యాయమేనన్నాడు ఫణి.

ఆడారు. ఒక మేకను పోగొట్టుకుని, చెమటోడ్చి, ఫణి ఆ మేకను తిన్న పులిని మూలకు కట్టాడు. అది గెంతింది. గెంతినచోట ఇంకో మేకను తిన్నది, దానితో ఇంకో గెంతు సంపాదించింది. మళ్ళీ కట్టాడు, మళ్ళీ గెంతింది. తాను పోగొట్టుకున్న ప్రతి పిక్కా ఎదుటి రాయికి కాళ్ళై తిరిగొస్తోంది. గీతల మీద ఇంకా మేకలుండగానే ఫణి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం నాయనా, ఆపేశావు? పులులకు హాయిగానే ఉంది," అన్నారు గురువుగారు. ఇంకో ఆట వేద్దామన్నారు. ఫణి తల అడ్డంగా ఊపాడు. ఈ మేకలతో ఎవరు కూర్చుంటారండీ అని గొణిగాడు. ఆ మాట తన నోట వచ్చాక, హైమ అన్న మాట గుర్తొచ్చింది.

నీ ఆటలో ఎంత ఇస్తే బాగుంటుందో ఎవరినైనా అడిగావా అన్నారు గురువుగారు. అడిగానన్నాడు ఫణి. ప్రతి నెలా అడుగుతూనే ఉన్నాడు. ఇంకా ఆడుతున్నవాళ్ళందరినీ అడిగాడు. ఇంకొంచెం పెంచమనే అందరూ అన్నారు.

చూశారా తల్లీ, అందరూ అన్నారట.

చీకటి పడుతోంది. గురువుగారు గులకరాళ్ళను గీతల మీదే వదిలేశారు. పక్కన కుప్పపడిన చనిపోయిన మేకల్లోంచి ఒక చింతపిక్క తీసి, శిష్యుడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"ఎంత ఇవ్వాలో దీన్ని అడుగు నాయనా. ఇంకా పలికితే."