బావి మీది మూత

పరాంకుశాచార్యులు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అది తెలిసి కూడా అలివేలు ఆ రోజు పట్టుబట్టింది.

"ఒకే భయం పట్టుకుని కూర్చున్నవాడికి నిజం చెప్పి ఒప్పించడం ఎలా స్వామీ?"

ఆమె అడిగింది తమ్ముడు వరదరాజుల గురించి. తల్లిని తీసుకుపోయిన జబ్బే అతనికీ వచ్చింది. మెదడు కొద్దికొద్దిగా పాడవుతుంది. నడక తూలుతుంది. ఏదైనా ఆలోచన వస్తే ఇక వదలదు. అక్కాతమ్ముళ్లు ఉంటున్న ఆచార్యుల ఆశ్రమంలో బావికి మూత లేదని, అందులో ఎవరో పడిపోతారని నెల రోజులుగా అతనికి ఒకటే దిగులు. మందులు వాడుతూనే ఉన్నాడు. అయినా ఆ పొద్దుటి నుంచే ఇరవైసార్లు వెళ్లి చూసొచ్చాడు.

ఆచార్యులు నోరు విప్పేలోగా వరదరాజులు మళ్లీ లేచాడు. అలివేలు అతని చెయ్యి పట్టుకుంది.

"మూత ఉందిరా! ఎన్నిసార్లు చెప్పాలి?"

అతను ఆమెను విసురుగా తోసేశాడు. తూలుతూ వెళ్లి, పొట్టి బావిగట్టు మీదికి వంగి, గట్టిగా ఉందో లేదోనని చెక్కమూతను ఊపసాగాడు. మూత పక్కకి జరిగింది. కింద నీళ్లు కనిపించాయి. అలివేలు కేక పెట్టింది. శిష్యులు పరుగెత్తబోతే ఆచార్యులు చేత్తో ఆపి, తానొక్కరే నడిచి వెళ్లారు. వరదరాజుల నడుం చుట్టూ చెయ్యి వేసి, అతనితో కలిసి మూతను సర్దారు.

"మూత ఉందా స్వామీ?"

"ఉంది. నేనూ చూశాను."

అతను మళ్లీ అడిగాడు. ఆయన అదే మాట, అదే గొంతుతో చెప్పారు. అలా నాలుగుసార్లయింది. అయినా అతను మూత మీంచి చెయ్యి తీయలేదు.

"వరదా, నాకు దూరం చూపు సరిగా ఆనడం లేదు. వంటశాలదాకా తీసుకెళ్తావా?"

వరదరాజులు బావిని చూశాడు, ఆయన్ని చూశాడు. చాలాసేపటికి చెయ్యి అందించాడు.

ఆ సాయంత్రమే బావికి ఇనుప జాలీ బిగించి తాళం వేయించారు. రోజూ భోజనానికి ముందు తానూ వరదరాజులూ కలిసి వెళ్లి చూసి రావాలని ఆచార్యులు చెప్పారు.

"నేనూ నిజమే చెప్పాను కదా స్వామీ," అంది అలివేలు.

"నిజం వాడికి తెలుసమ్మా. ఆ భయం నుంచి విడిపించుకోవడమే వాడి చేతిలో లేదు."

ఆమె తల వంచుకుంది. "ఈ జబ్బు నాకూ రావచ్చన్నారు డాక్టర్లు. రేపు నేనూ ఇలాగే..."



"ఎలా తోడుండాలో ఇవాళ చూసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారమ్మా," అన్నారు ఆచార్యులు.