సంచిలో తుమ్మముక్క

నెల మొదటి నుంచీ సుభాషిణి కంప్యూటర్ ముందు కూర్చుంటోంది, లేస్తోంది. ఒక్క గీత గీసిన పాపాన పోలేదు.

ఆమె రథాలు చేసే మౌనేశ్వరాచారి శిష్యురాలు. కొండకింది ఊరి గుడివాళ్లు ఆయన్ని కొత్త రథం అడిగారు. అయితే ఒక షరతు పెట్టారు. ముందుగా రథాన్ని కంప్యూటర్‌లో గీసి, నలువైపులా తిప్పి చూపించాలి. ఏకాదశికల్లా చూపించకపోతే వేరేవాళ్లను పిలుచుకుంటారు.

"ఈ రథం నీది పాపా" అని ఆచారి పనంతా ఆమెకే అప్పగించారు. ఆమె పేరు మీద చేసే మొదటి రథం అది.

చిక్కల్లా ఏ సాఫ్ట్‌వేర్‌తో గీయాలన్న దగ్గరే వచ్చింది. ఒకటి ఉచితం. ఇంకోటి ఓ మోస్తరు ధర, ఒకసారి కొంటే మనదే. మూడోదానికి ఏటా కట్టాలి, ఆ డబ్బుతో మంచి టేకు దుంగ వస్తుంది. కొనేముందు అన్నింటినీ కొన్నాళ్లు ఊరికే వాడి చూడనిస్తారు. వాటిలో వాళ్లే గీసిపెట్టిన బొమ్మలున్నాయి. తామరపువ్వట, మోటారట, అద్దాల మేడట. సుభాషిణి వాటినే తెరిచి తిప్పుతూ కూర్చుంది. ఏది తిప్పినా ముద్దొస్తోంది.

"గురువుగారూ, ఖరీదైనదే కొందాం. చవకది కొని రేపు పని చెడితే పరువు పోతుంది" అంది చివరికి.

ఆచారి తువ్వాలు భుజాన వేసుకున్నారు. "ఉలి కొనాల. కంబగిరి కొలిమి దగ్గరికి పోదాం రా" అన్నారు. బయల్దేరుతూ చెత్తకుప్పలోంచి ఒక తుమ్మకర్ర ముక్క ఏరి సంచిలో వేసుకున్నారు. మధ్యలో పెద్ద ముడి ఉన్న ముక్క.

కమ్మరి కంబగిరి గోనె మీద మూడు ధరల ఉలులు పరిచాడు. పక్కనే ఒక బూరుగు చెక్క పెట్టాడు. "కొట్టి చూడు పాపా."

సుభాషిణి కొట్టి చూసింది. మెత్తటి బూరుగు చెక్కలో అన్నీ వెన్నలోకి దిగినట్టు దిగాయి.

"అన్నీ బాగున్నాయి గురువుగారూ!"

ఆచారి సంచిలోంచి తుమ్మముక్క తీసి ఆమె ముందు పెట్టారు.

కంబగిరి పెద్దగా నవ్వాడు. "నీ సంగతి నాకు తెలీదా అన్నా! ఎప్పుడొచ్చినా నీ కర్ర నువ్వే తెచ్చుకుంటావు."

సుభాషిణి ఈసారి ముడి మీద పెట్టి కొట్టింది. చవక ఉలి అంచు మడతపడిపోయింది. నడిమిది కాస్త మొరాయించినా ముడిని చీల్చుకుని దిగింది. పిడికి ఇత్తడి పొన్ను వేసిన పెద్ద ఉలి ఒక్క దెబ్బకే దిగింది.

ఆచారి ఆ పెద్ద ఉలిని చేతిలోకి తీసుకుని ముచ్చటగా చూశారు. "మంచి పనితనం కంబగిరీ. దీనికి తగిన పనే నా దగ్గర లేదు" అని గోనె మీద పెట్టేసి, నడిమిది కొన్నారు.

దారి పొడుగునా సుభాషిణి ఆ తుమ్మముక్కనే చేతిలో తిప్పి చూసుకుంటూ నడిచింది.

ఇంటికి రాగానే సుభాషిణి తామరపువ్వును మూసేసింది. రథం మొత్తంలో మొండిది చక్రం నడిమి కుండ. ఇరుసు దూరేది దాంట్లోనే, చక్రం ఆకులన్నీ దిగేదీ దాంట్లోనే. ఆకులు తిన్నగా దిగకూడదు, రవ్వంత వాలుగా దిగాలి. ఆ వాలు తప్పితే మొదటి మలుపులోనే చక్రం విరుగుతుంది. అందుకే కుండ తొలిచే పని ఆచారి ఇంతవరకు ఎవరి చేతికీ ఇవ్వలేదు.

అన్నింటిలోనూ ఆ కుండే గీసింది. ఉచితంగా వచ్చింది వాలు దగ్గర చేతులెత్తేసింది. ఖరీదైనది చిటికెలో గీసిపెట్టింది. నడిమిది కొంచెం విసిగించింది గానీ, వెంట్రుకవాసి కొలత తప్పలేదు. సుభాషిణి అదే కొని, ఇక వెనక్కి చూడకుండా పనిలో పడింది.

ఏకాదశి నాడు గుడివాళ్లు వచ్చి, తెర మీద తిరుగుతున్న రథాన్ని కళ్లప్పగించి చూశారు. "ముహూర్తం పెట్టించుకోండి" అన్నారు. వాళ్లు గడప దాటాక సుభాషిణికి సంతోషంతో కళ్లు చెమర్చాయి.

అప్పుడే ఖరీదైన సాఫ్ట్‌వేర్ అమ్మే అతను ఫోన్ చేశాడు.

"మేడమ్, ఇంకా ఆలోచిస్తున్నారా? మా దాంట్లో విమానం రెక్క మీద గాలి ఎంత తోస్తుందో కూడా లెక్క కట్టొచ్చు!"

"చాలా మంచి సాఫ్ట్‌వేరండీ. వాడి చూశాను" అంది సుభాషిణి. "మా రథం నేల మీదే నడుస్తుంది."

పందిట్లో ఉలి చప్పుడు ఆగింది. ఆచారి చేతులు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. కంబగిరి దగ్గర కొన్న ఉలిని ఆమె ముందు పెట్టారు.

"కుండ గీసింది నువ్వే కదా పాపా. తొలిచేదీ నువ్వే."