డాక్టరమ్మ చెప్పిన మాట

పుల్లన్న ఇంకోసారి ఈ మఠం గడప తొక్కితే తాను ఆ క్షణమే మూట కట్టుకుంటానని సుంకులమ్మ తేల్చి చెప్పేసింది. చెప్పింది సాక్షాత్తూ గురువుగారితోనే. ఆయన్ను ఆస్పత్రి నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టి ఇంకా గంట కాలేదు.

కాశయ్యసామి ఆరు వారాలు సూదులు గుచ్చిన చేతిని మెల్లగా నిమురుకుంటున్నాడు. ఆ నల్లటి మచ్చలు చూసేకొద్దీ ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

సామి గుండెలో ఒక కవాటానికి సున్నం పేరుకుని గట్టిపడింది. ఆ సంగతి బయటపడిన రోజున డాక్టరమ్మ, మఠంలో సామిని చూసుకునే సుంకులమ్మను పక్కకు పిలిచి, కాగితం మీద బొమ్మ గీసి చూపించింది.

"ఇది తలుపులాంటిదమ్మా. నున్నగా ఉన్నన్నాళ్ళూ రక్తంలోకి క్రిమి వచ్చినా జారిపోతుంది. ఇట్లా గరుకుబారితే పట్టుకుని కూర్చుంటుంది, గూడు కడుతుంది. నోటి నుంచి రావడం ఎక్కువ. పన్ను కదిలినా, చిగురు వాచినా ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టొద్దు. ముందు నా దగ్గరికి తీసుకురండి."

సుంకులమ్మ బడికి వెళ్ళింది ఏడో తరగతి దాకానే. తక్కిన చదువంతా పొట్లం కాగితాల్లోనూ మందుచీటీల్లోనూ తనే ఏరుకుంది. డాక్టరమ్మ మాటను ఒక్క అక్షరం పోకుండా దాచుకుంది. రోజూ పొద్దున్నే సామి నోరు తెరిపించి చూసేది. ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే, "మీకు అర్థం కాదులే" అనేది.

చెల్లెలి కాన్పుకని జమ్మలమడుగు వెళ్ళి పదిహేను రోజులుంది. ఆ సందులోనే జరిగింది.

సామికి చిగురు వాచింది, పన్ను కదిలింది. పుల్లన్న నేతగాడు, నలభై దాటినవాడు, వీధిలో పిల్లలందరి పండ్లూ పీకి చెయ్యి తిరిగినవాడు. మగ్గం దగ్గర నుంచి పట్టుపోగు తెచ్చి, రెండు పేటలు మెలేసి పంటికి కట్టాడు. సామిని మాటల్లో పెట్టి ఒక్క లాగు లాగాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. సామీ నవ్వాడు.

సుంకులమ్మ తిరిగొచ్చేసరికి ఆయన రెండు కంబళ్ళ కింద వణుకుతున్నాడు. ఇంకో రెండు రోజులు ఆగుంటే దక్కేవాడు కాదంది డాక్టరమ్మ.

"చెప్పు సామీ! వాడా, నేనా?"

"నాకింకా తొమ్మిది పండ్లుండాయి సుంకులూ."

"పరాచికాలొద్దు! నిన్ను పొట్టన పెట్టుకునేవాడు ఆ మొద్దు. పన్నంటే మగ్గం మీది కండె అనుకున్యాడా, పోగు కట్టి లాగేదానికి?"

"పిలువు వాణ్ణి."

"నేను పిలవను."

"అయితే నేనే లేస్తా." సామి మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు.

ఆమె విసురుగా బయటికి నడిచింది. పుల్లన్న ప్రహరీగోడ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఈ ఆరు వారాలూ మగ్గం ఎక్కలేదని ఊళ్ళో అనుకుంటున్నారు. అనుకోనీ.

"రా నాయనా, రా! ఇంకా కొంచెం ప్రాణం మిగిలిందిలే. అది కూడా తీసేసి పో."

అతను తలొంచుకుని వచ్చాడు. సామి అతణ్ణి సుంకులమ్మకు ఎదురుగా కూర్చోమన్నాడు.

ఆ మఠంలో ఉపదేశం చెవిలోనే ఇస్తారు. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకే పంచె కింద తలలు పెడతారు. సామి తన భుజం మీది పంచె తీసి ఆ ఇద్దరి తలల మీదా కప్పాడు.

"డాక్టరమ్మ మాట వీని చెవిలో చెప్పు."

"వీనికా!"

"చెప్పు."

పంచె కింద ఉక్క. పుల్లన్న ఒంటి మీద గంజి వాసన. అతని చెవి ఇంత దగ్గరగా ఉంటే కొరికేయాలనిపించింది ఆమెకు. పళ్ళు బిగబట్టి, రాళ్ళు విసిరినట్టు ఒక్కొక్క మాటా విసిరింది. తలుపు సంగతీ, సున్నం సంగతీ. గరుకుబారితే పట్టుకుని కూర్చుంటుంది. పన్ను కదిలినా, చిగురు వాచినా ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టొద్దు. ముందు డాక్టరు దగ్గరికి.

చెప్పడం అయిపోయింది.

పుల్లన్న గొంతు తగ్గించి, తెలుసుకోవాలనే అడిగాడు.

"పాపా, ఈ మాట నీకెప్పుడు చెప్పింది ఆయమ్మ?"

సుంకులమ్మ నోరు తెరిచింది. ఇందాకటి కోపం ఇంకా గొంతులోనే ఉంది. దానికి ఎటు పోవాలో తెలియలేదు.

"రెండేండ్లాయె," అంది.

పుల్లన్న అర్థమైందన్నట్టు తలూపాడు. తిట్టి ఉంటే బాగుండేది.