గెడ్డలో కొత్త రాయి

ఆ బడి గెడ్డకు అవతల ఉండేది. బడికి వెళ్లాలంటే ఆ వాగు నీళ్లలో వేసిన రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ దాటాలి. ఆ రాళ్లను ఎప్పుడో ఒక పొడుగుకాళ్ల మనిషి తన అంగకు తగ్గట్టు వేశాడు.

పిల్లలు గెంతుకుంటూ దాటేవారు. నూకాలు మాత్రం నడిమధ్యలో పడిపోయేది. తడిసిన గౌనుతో వణుకుతూ గుమ్మంలో నిలబడేసరికి పాఠం సగం అయిపోయేది.

పెద్ద పంతులు చెడ్డవాడు కాదు. తన కండువాతోనే ఆ పిల్ల తల తుడిచేవాడు.

"మనసుపెట్టి గెంతాలమ్మా. వాళ్లంతా రావడం లేదూ?"

నూకాలు తలూపేది. మర్నాడు మనసంతా పెట్టి గెంతేది. మళ్లీ పడేది.

చివరికి ఆయనే అన్నాడు. "కాళ్లు పెరిగాక వద్దువుగాని తల్లీ. అందాకా ఇంటిదగ్గరుండు."

నూకాలు ఏడవలేదు. పలకను గుండెకు హత్తుకుని వెనుదిరిగింది.

ఆ యేడే బడికి వచ్చిన కొత్త పంతులమ్మ ఆమె వెంట గెడ్డ దాకా నడిచింది. "ఎక్కడ పడతావో చూపించు."

నూకాలు వింతగా చూసింది. ఎందుకు పడ్డావని అడిగినవాళ్లే గానీ, ఎక్కడని అడిగినవాళ్లు లేరు.

"అద్గదండి, ఆ నల్లరాయి కాడ. అక్కడినించి కాలందదండి."

పంతులమ్మ చీర ఎగదోపింది. ఒడ్డునున్న బండను దొర్లించబోయింది. అది కదల్లేదు.

పెద్ద పంతులు కిటికీలోంచి కేకేశాడు. "పిల్లకు గెంతడం రాకపోతే గెడ్డనే మార్చేస్తావా అమ్మా?"

"గెడ్డను కాదండీ, ఒక్క రాయి వేద్దామని. మీరూ ఒక చెయ్యి వేస్తే కదులుతుంది."

ఆయన పంచె ఎగ్గట్టి వచ్చాడు. వెనకాలే పిల్లలూ దిగారు. నీళ్లలో పడ్డ రాయి ఊగుతుంటే, నూకాలే వంగి దాని కింద గులకరాళ్లు కూరింది.

మర్నాడు ఆమె అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. పొడుగు పిల్లలు కూడా ఆ రాయి మీదే అడుగేసి వచ్చారు.

పాఠం మొదలుపెట్టబోతూ పెద్ద పంతులు తలెత్తాడు. గుమ్మంలో కొందరు పిల్లలు నిలబడి ఉన్నారు. ఆయన ఎన్నడూ చూడని మొహాలు.

"ఎవరర్రా మీరు?"

"గెడ్డవతలోళ్లమేనండి."

"మరి ఇన్నాళ్లూ రాలేదేం? రాళ్లు ఎప్పటినుంచో ఉన్నాయిగా?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో అందరికంటే చిన్నది మెల్లగా చెప్పింది.

"ఉన్నాయండి. అయ్యి మాక్కాదనుకున్నామండి."