తెర మీద రాజుగారు

కందిమల్ల రాజ్యాన్ని ఏలిన రణంజయుడికి ఉపన్యాసాల పిచ్చి ఉండేదట. మాటలు ఎలాగూ ఆస్థానకవి రాసిచ్చేవాడు. చేతులెలా ఊపాలో నేర్పడానికి విరూపశాస్త్రి అనే పండితుణ్ణి పెట్టుకున్నాడు. "గడ్డం పైకి, చూపు జనం నెత్తిమీదుగా, చెయ్యి విసురుగా!" ఇదీ శాస్త్రిగారి చదువు. రాజు ఆరు నెలలు అద్దం ముందు సాధన చేశాడు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చెరువులో మిగిలిన కాసిని నీళ్లూ రాజుగారి తామరకొలనుకే పోతున్నాయి. వరి ఎండిపోతోందని రైతులు కోట ముందుకొచ్చి నిలబడ్డారు. రాజు మేడ మీద నుంచి గంటసేపు మాట్లాడాడు. "మీరే నా ప్రాణం! నీళ్లు మీవే!" అన్నాడు. రైతులు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని, ఉసూరుమంటూ వెళ్లిపోయారు.

రాజుకు ఒళ్లు మండింది. "ఇంత బాగా మాట్లాడితే నమ్మరేం?" అని సభలో గర్జించాడు.

"మొద్దు జనం, మహాప్రభూ. అభినయం వాళ్లకేం తెలుసు!" అన్నాడు శాస్త్రి.

విదూషకుడు తిప్పన కిసుక్కున నవ్వాడు.

"నవ్వెందుకయ్యా? తప్పెక్కడుందో రేపటిలోగా చూపించు. లేదా రాజ్యం విడిచి పో!" అన్నాడు రాజు.

మర్నాడు తిప్పన సభలో కిటికీలు మూయించి, తెల్లని తెర కట్టించి, వెనక దీపాలు పెట్టించాడు. తోలుబొమ్మలాడించే చంద్రోజీని కూర్చోబెట్టాడు.

"ప్రభూ, ఇవాళ పాటా లేదు, మాటా లేదు. బొమ్మ ఏమంటోందో తమరే చెప్పాలి."

తెర మీద కిరీటం లేని బొమ్మ ఒకటి లేచింది. గడ్డం ఎత్తింది. ఎవరినీ చూడకుండా చెయ్యి విసిరింది. మళ్లీ విసిరింది.

రాజు పకపకా నవ్వాడు. "ఇది తెలీదా! ఎవడో పరమ పిసినారి. గుమ్మంలోకొచ్చిన బిచ్చగాళ్లని పొమ్మని తరుముతున్నాడు. ఛీ, ఏం మనిషి!"

"నిన్న తమరు మేడ మీద చేసిన అభినయమే ప్రభూ. చంద్రోజీ రైతుల మధ్య నిలబడి చూశాడు. మొదటి విసురు 'మీరే నా ప్రాణం' అన్నప్పటిది. రెండోది 'నీళ్లు మీవే' అన్నప్పటిది."

శాస్త్రి మెల్లగా స్తంభం చాటుకు జరిగాడు. రాజు ముఖం కందగడ్డయింది. కానీ తీర్పు చెప్పింది తానే కదా! మింగలేక, కక్కలేక, "సరే, గెలిచావు. ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"చెరువు తూము తాళంచెవి, ప్రభూ. రైతులకిచ్చేస్తాను."

"అదెంత! ఇచ్చేశాననుకో!" అంటూనే రాజు నడికట్టులో దోపుకున్న తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు.

తెర పక్కనుంచి తొంగిచూసిన చంద్రోజీ ఊరుకున్నాడా? బొమ్మ కూడా నడుం గట్టిగా పట్టుకుంది.

సభంతా గొల్లున నవ్వింది. తనను తాను చూసుకుని రాజుకూ నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ తాళంచెవి తీసి తిప్పన చేతిలో పెట్టాడు. ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే తూము తెరుచుకుని నీళ్లు పొలాలకు పారాయి. రైతులు ఆయన్ని నమ్మింది ఆ ఒక్క రోజే.