మీసాల బాన

చిత్రవర్మ మహారాజుకి ఏడాదికో సరదా పుట్టేది. ఆ ఏడు గ్రీకు దేశం నుంచి ఓడెక్కి వచ్చిన వర్తకుడొకడు తమ ఏథెన్సు ఊరి పద్ధతి చెప్పాడు. అక్కడ పెత్తనం మితిమీరినవాడి పేరు జనం కుండపెంకు మీద గీకి వేస్తారట. ఎవరి పేరు ఎక్కువొస్తే వాళ్ళు పదేళ్ళు ఊరు విడిచి పోవాలట.

"మనమూ వేయిద్దాం!" అన్నాడు రాజు తొడ చరిచి.

అందరికంటే ముందు తలూపింది మంత్రి భీమనామాత్యుడు. ఆయనకి తన మీసమంటే ప్రాణం. ఇంట్లో నీళ్ళ బానల మీద కూడా మీసం ఆకారమే వేయించుకున్నాడు. కిందటివారం కొలువులో, "నా మీసం మీద రెండు నిమ్మకాయలు నిలబడతాయి తెలుసా" అని గొప్పలు పోతుంటే, మంచినీళ్ళు అందించే నాంచారి ఉండబట్టలేక అడిగింది.

"మరి మజ్జిగెట్టా తాగుతారు అయ్యగారూ?"

కొలువంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు మంత్రి చెవుల్లోంచి ఇంకా పోలేదు.

పెంకులు వేసే రోజు వచ్చింది. రాయడం వచ్చినవాళ్ళు ఇంటి దగ్గరే రాసి తెచ్చుకున్నారు. రానివాళ్ళకి సాయం చేస్తామని మంత్రి మనుషులు కోట గుమ్మంలో కూర్చున్నారు. పేరు చెప్తే చాలు, వెనక్కి తిరిగి గంపలోంచి పెంకు తీసి చేతిలో పెడుతున్నారు.

నాంచారికీ చదువు రాదు. చెవిలో ఒక పేరు చెప్పి, ఇచ్చిన పెంకు పుచ్చుకుంది. వేలికి ఏదో వంకర గీత తగిలింది. 'ఇంతలోనే ఎప్పుడు రాశారబ్బా?' అనుకుంటూనే కొలువులో పెట్టిన గంపలో వేసేసింది.

సాయంత్రం లెక్కపెట్టారు. మొత్తం నూరు పెంకులు. అరవై నాంచారి పేరు మీదే!

నాంచారికి ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో మనవరాలు ఇప్పుడిప్పుడే పాకుతోంది. పదేళ్ళ తర్వాత వస్తే, ఎవరే ఈ ముసల్ది అంటుంది.

"జనం మాట నాంచారీ, నేను కాదనలేను. పోయేముందు ఏదన్నా కోరుకో," అన్నాడు రాజు దిగులుగా.

నాంచారి పెంకుల కుప్ప వైపు చూసింది. ఒకదాని మీద వంకర గీత. పక్కదాని మీదా వంకర గీతే.

"ఆ అరవై పెంకులూ ఇప్పించండి దొరా. దారిలో నీళ్ళకి కుండ చేసుకుంటాను."

మంత్రి మీసం దువ్వాడు. "పిచ్చిదానా! అరవై ఇళ్ళ పెంకులు ఒక కుండవుతాయటే?"

"కావనే అనుకుంటున్నానండి. చూద్దాం."

బంకమట్టి తెప్పించుకుని అక్కడే చతికిలబడింది. పెంకు పక్కన పెంకు పెట్టింది. అతికింది. ఇంకోటి పెట్టింది. అదీ అతికింది. అంచులు వచ్చాయి, మెడ వచ్చింది.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "ఊరందరి పెంకులూ ఇలా ఎలా అతుక్కుంటున్నాయే?"

"ఊరందరిదీ ఒకటే మాటట కదా దొరా. పెంకులూ ఒకటే ఇంటివై ఉంటాయి!"

అని చివరి పెంకు నొక్కి, బానని కొలువు వైపు తిప్పింది. బాన పొట్ట మీద రెండు కొసలూ మెలితిరిగి నిలబడింది, మీసం!

అందరి కళ్ళూ బాన మీంచి మంత్రి మూతి మీదకి పోయాయి. మంత్రి గబుక్కున చేత్తో మూతి మూసుకున్నాడు.

"మిగతా నలభై చదవండి," అన్నాడు రాజు.

కరణం నీళ్ళు నమిలాడు. "భీమనామాత్యుడు... భీమనామాత్యుడు... ఇదీ ఆయనేనండి..."

పక్కుమన్న నవ్వులకి పావురాళ్ళు లేచిపోయాయి. రాజు తన పట్టుశాలువా నాంచారి భుజాన కప్పి, "ఇకమీదట ఎవరి పెంకు వాళ్ళింటి నుంచే రావాలి, ఎవరి చేత్తో వాళ్ళే పేరో గుర్తో గీకాలి. పెంకులు వేసే గంపకి కాపలా నువ్వే," అన్నాడు.

మంత్రి తలవంచుకుని గుమ్మం దాటబోతుంటే నాంచారి బాన ఎత్తుకుని వెనకే పరిగెత్తింది.

"అయ్యగారూ, పదేళ్ళ దారి. మీ బాన మర్చిపోయారు!"